గాజు గిన్నెలో ఇరవై చీటీలు

(బెంగళూరు మారతహళ్లిలో తెలుగు కుటుంబాల ఆదివారం పుస్తక సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా. పిల్లలు కింద జంపఖానా మీద సర్దుకుంటారు.

పోయిన నెల లిఫ్టులో ఒక తల్లి నన్ను ఆపి అడిగింది. "టీచర్‌గారూ, పిల్లలు పిల్లల్ని చంపుకునే పుస్తకమట. మావాడికి పన్నెండు కూడా నిండలేదు. చదవనియ్యమంటారా?" అని. న్యాయమైన ప్రశ్న. లిఫ్టు దిగేలోపు చెప్పగలిగిన జవాబు కాదు గనక ఈరోజు ఇంతమందిని కూర్చోబెట్టాను.

పుస్తకం పేరు 'ద హంగర్ గేమ్స్'. రాసినావిడ అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్. 2008లో వచ్చింది. 2009లో, 2010లో దాని తర్వాతి రెండు భాగాలు వచ్చాయి. నా మనవరాలు తెచ్చి చేతిలో పెట్టి, "అమ్మమ్మా, నువ్వు చదివితేగానీ నేను నీతో మాట్లాడలేను" అంది. మొదటి రోజు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. రెండో రోజు డిక్షనరీ ఎక్కడ పెట్టానో కూడా చూసుకోలేదు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చదివాను. ఈరోజు మాట్లాడేది ఎక్కువగా మొదటి పుస్తకం గురించే.

కథ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పానెం అని ఒక దేశం. అందులో క్యాపిటల్ అనే నగరం, దాని కింద 12 జిల్లాలు. ఎప్పుడో జిల్లాలు తిరగబడి ఓడిపోయాయి. ఆ తప్పుకి శిక్షగా ఏటా జిల్లాకొక అమ్మాయిని, ఒక అబ్బాయిని చీటీ తీసి పట్టుకుపోతారు. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు, మొత్తం 24 మంది. వాళ్లని ఒక చోట వదిలి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు. దేశమంతా టీవీలో చూసి తీరాలి. ఆ పిల్లల్ని ఇంగ్లీషులో ట్రిబ్యూట్ అంటారు. మన తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట ఉంది, కప్పం. సామంతులు ఏనుగుల్నీ గుర్రాల్నీ బంగారాన్నీ కప్పం కట్టారని మనం చరిత్రలో చదువుకున్నాం. ఇక్కడ కట్టేది పిల్లల్ని. చీటీ తీసే రోజుని రీపింగ్ అంటారు, అంటే కోత. ఏటా వచ్చే పంటకోత లాగే.

ఈ పుస్తకం బలం చంపుకోవడంలో లేదు. చంపుకోవడం కంటే ముందు వచ్చే రేషను లెక్కలో ఉంది. అది కాస్త వివరంగా చెప్తాను.

12 ఏళ్లు వచ్చిన ప్రతి పిల్ల పేరూ ఒక చీటీ మీద పడుతుంది. 13కి రెండు, 14కి మూడు, అట్లా 18 వచ్చేసరికి ఏడు. ఇక్కడిదాకా అందరికీ ఒకటే. కానీ ఇంట్లో తిండి లేనివాళ్లకి ఇంకో ఏర్పాటుంది, టెస్సెరా అంటారు. నీ పేరుతో ఇంకో చీటీ వెయ్యి, ఒక మనిషికి ఏడాది పొడుగునా అరకొరగా సరిపోయే ధాన్యం, నూనె ఇస్తాం అంటారు. ఇంట్లో ఎందరుంటే అన్ని చీటీలు వేసుకోవచ్చు. కథానాయిక కాట్నిస్ తన కోసం, తల్లి కోసం, చెల్లెలు ప్రిమ్ కోసం ఏటా మూడు చీటీలు అదనంగా వేసింది. వేసినవి పోవు, పోగుపడతాయి. అందుకని 16 ఏళ్లకి ఆమె పేరు 20 చీటీల మీద ఉంది. ఆమె స్నేహితుడు గేల్‌కి 18 ఏళ్లు. ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ. వాడి పేరు 42 చీటీల మీద ఉంది. అదే ఊళ్లో మేయరు కూతురి పేరు ఐదింటికి మించి ఉండదు.

ఇది చదివితే తలకెక్కదు, చేస్తే ఎక్కుతుందని మా ఇంట్లో పిల్లల చేత చీటీలు కోయించాను. పాత క్యాలెండరు వెనక వైపు తెల్లకాగితం, ఇడ్లీపిండి కలిపే స్టీలు బేసిను. గేల్ పేరు రాయాల్సిన పిల్లాడికి పాతిక దాటేసరికి చెయ్యి లాగేసింది. "చాలా అమ్మమ్మా?" అన్నాడు. "రాయి నాన్నా, నలభై రెండూ రాయాలి" అన్నాను. ప్రిమ్ పేరు రాయాల్సిన పాప ఒక్క చీటీ మడిచి బేసిన్లో వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని వాణ్నే చూస్తూ కూర్చుంది. వాడు రాస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఇంకో పిల్ల అడిగింది, "అంటే బియ్యం తీసుకున్నోళ్లే ముందు పోతారా?" అని.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ పుస్తకం పిల్లల చేతికివ్వచ్చని నాకు ఆ రోజు అనిపించింది. చావు కూడా రేషను కార్డు మీద నడుస్తుందని అర్థం చేసుకోవడానికి పెద్ద పెద్ద పుస్తకాలు కావాలి. ఇక్కడ ఒక గిన్నె, కాసిన్ని చీటీలతో అయిపోయింది.

తర్వాత మేం నిజంగానే ఒక చీటీ తీశాం. గేల్ పేరు వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కానీ పుస్తకంలో వచ్చేది ప్రిమ్ పేరు, ఆ ఒక్కగానొక్క చీటీ. ఇది రచయిత్రి చేసిన మోసమని ఒకడు గట్టిగా వాదించాడు. నేను ఒప్పుకోలేదు. లెక్క ఎప్పుడూ పేదవాడి మీదే బరువు పెడుతుంది, కానీ ఎవరికీ హామీ ఇవ్వదు. అక్కే అన్ని చీటీలూ తన మీద వేసుకుని, చెల్లెల్ని ఒక్క టెస్సెరా కూడా తీసుకోనివ్వకుండా కాపాడుకుంది. అయినా చెల్లెలి పేరే వచ్చింది. అప్పుడు అక్క ముందుకొచ్చి, నేను వెళ్తానంటుంది. ఆ తర్వాత అబ్బాయిల చీటీలో పీటా పేరు వస్తుంది. వాడికి ఇద్దరన్నలు. ఒకడికి వయసు దాటింది. రెండోవాడు ముందుకు రాడు. రచయిత్రి దాన్ని రెండు వాక్యాల్లో చెప్పి వదిలేస్తుంది. ఎవరినీ తిట్టదు. నాకు అది చాలా నచ్చింది.

ఇక రొట్టె ఘట్టం. పానెం అంటేనే లాటిన్ భాషలో రొట్టె. జనానికి తిండీ తమాషా పడేస్తే చాలు, నోరెత్తరని పాత రోములో ఒక కవి వెక్కిరించిన మాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. కాట్నిస్ తండ్రి బొగ్గుగనిలో పేలుడుకి పోయాడు. అప్పటికి ఆ పిల్లకి 11 ఏళ్లు. తల్లి కుర్చీలో కూలబడి లేవదు. వానలో చెల్లెలి చిన్నప్పటి బట్టలు అమ్ముదామని కాట్నిస్ బజారుకి పోతే ఎవరూ కొనరు, అవి కాస్తా బురదలో పడిపోతాయి. బేకరీ వెనక చెత్తడబ్బా మూత ఎత్తి చూస్తుంది, ఖాళీ. బేకరీ ఆవిడ తిట్టి తరిమేస్తుంది. కాసేపటికి లోపల దెబ్బ చప్పుడు. ఆవిడ కొడుకు, ఇందాక చెప్పిన పీటాయే, రెండు మాడిన రొట్టెలు పట్టుకుని వస్తాడు, చెంప మీద ఎర్రటి వాత. పందులకి వెయ్యమని తల్లి అరుస్తోంది. వాడు మాడిన ముక్కలు తుంచి పందుల తొట్టిలో వేస్తూ, తల్లి లోపలికి వెళ్లగానే ఒక రొట్టె, వెంటనే రెండోది, కాట్నిస్ వైపు విసిరేస్తాడు. ఆమె వైపు చూడను కూడా చూడడు. ఆ పిల్ల వాటిని చొక్కా కింద దాచుకుని పరిగెడుతుంది. వేడికి ఒళ్లు కాలుతున్నా ఇంకా గట్టిగా హత్తుకుంటుంది. ఇంటికెళ్లి మాడు గీకి, చెల్లెలికీ తల్లికీ ముక్కలు కోసి పెడుతుంది.

ఆకలి తెలిసినవాళ్లు ఇట్లా రాస్తారు. వేడి రొట్టె ఒంటికి తగిలి కాలడం అనే చిన్న సంగతి లేకపోతే ఈ ఘట్టం జాలికథ అయిపోయేది. ఇంకోటి గమనించండి. ఆ రొట్టె కాట్నిస్‌కి అప్పు లాగా మిగిలిపోతుంది. ఐదేళ్ల తర్వాత వాడినే చంపాల్సిన ఆటలోకి వెళ్తున్నప్పుడు ఆమెని బాధించేది ప్రేమ కాదు, తీరని బాకీ. మన ఊళ్లలో పేదింటి మనిషికి ఈ బాధ బాగా తెలుసు. ఒకరి ఉప్పు తిన్నాక మాట ఎంత బరువవుతుందో.

మాది ఇల్లెందు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన నేల. మా నాన్న బాయిలో పనిచేశాడు. బొగ్గుగనిని మేము బాయి అనే అంటాం. రెండో షిఫ్టుకి దిగిన నాన్న రాత్రి పన్నెండు దాటాక సైకిలు మీద వచ్చేవాడు. గేటు దగ్గర సైకిలు చప్పుడు విన్నాకే అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టేది. వేళ దాటితే అమ్మ మాట్లాడేది కాదు, వాకిట్లో నిలబడేది. అందుకని కాట్నిస్ తండ్రి పోయాక జిల్లావాళ్లు ఇచ్చిన డబ్బు ఒక నెల ఏడవడానికి సరిపోయిందని చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు పక్కన పెట్టాను. ఏడవడానికి కూడా గడువు పెట్టిన ప్రభుత్వం అది. నెల దాటితే తల్లి పనికి పోవాలి.

కానీ బాయి బిడ్డగా నా ఫిర్యాదు కూడా ఇక్కడే మొదలవుతుంది. కాట్నిస్ వాళ్ల పన్నెండో జిల్లాలో 8,000 మంది ఉంటారని రచయిత్రి చెప్తుంది. అందులో గనిలో దిగేవాళ్లు ఎక్కువ. వాళ్లెవరూ మాట్లాడరు. అలిసిపోయి, నల్లబడి, తల వంచుకుని నడుస్తారు, అంతే. బొగ్గుబాయి దగ్గర పెరిగినవాళ్లని అడగండి. అక్కడ పాట ఉంటుంది, బూతు ఉంటుంది, పేర్లు పెట్టి పిలవడం ఉంటుంది, అధికారి మీద కథలుంటాయి, సంఘం ఉంటుంది, సంఘంలో మళ్లీ రెండు జట్లుంటాయి. 74వ ఏడు పిల్లల్ని పంపుతున్న ఊళ్లో ఆ రోజు మీద ఒక్క సామెతైనా పుట్టదా? చీటీ రోజు పొద్దున తల్లులు ఏదో ఒక దేవుడికి మొక్కుకోరా? పుస్తకంలో దేవుడి ఊసే లేదు. తండ్రి బాగా పాడేవాడని చెప్తుంది గానీ, కాట్నిస్ ఒక చోట పాడే పాత జోలపాట తప్ప, ఊరి గుండెలోంచి వచ్చిన పాట మూడో పుస్తకం దాకా వినపడదు. జనాన్ని బాధితులుగా చూపించింది, మనుషులుగా చూపించడానికి ఓపిక చాల్లేదు.

ఇంకొన్ని చిన్న లోపాలున్నాయి, తొందరగా చెప్పేస్తాను. చప్పుడు లేకుండా ఎగిరే ఓడలు, కంటికి కనపడని విద్యుత్ గోడలు ఉన్న దేశం ఇంకా మనుషుల్ని బొగ్గు కోసం భూమిలోకి దింపడం అతకదు. చివర్లో చచ్చిపోయిన పిల్లల కళ్లతో తోడేళ్ల లాంటి జంతువులు వచ్చి పడతాయి. భయపెట్టడానికి పెట్టింది, అవసరం లేదు. కాట్నిస్ మనసు పీటా వైపా, గేల్ వైపా అన్న గొడవ మా పిల్లలకే విసుగు తెప్పించింది. అయితే ఆటలో కాట్నిస్ టీవీ చూసేవాళ్ల కోసం పీటా మీద ప్రేమ నటిస్తే, ముద్దు పెట్టిన వెంటనే పైనుంచి వేడి సూపు గిన్నె దిగడం మాత్రం గొప్ప ఊహ. దేనికి ఎంత కూలి దొరుకుతుందో ఆ పిల్లకి అప్పుడు అర్థమవుతుంది.

పెద్ద లోపం వేరే ఉంది. దానికి ముందు భారతంలో బకాసురుడి కథ జరిగిన ఏకచక్రపురం వెళ్దాం.

రచయిత్రి తన కథకి గ్రీకుల పురాణం మూలమని చెప్పుకుంది. ఏథెన్స్ వాళ్లు ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని క్రీటు దీవికి పంపితే అక్కడ ఎద్దు తల రాక్షసుడు తినేవాడు. దాంతోపాటు ఒక రాత్రి టీవీ ఛానెళ్లు తిప్పుతుంటే ఒకదాంట్లో పోటీ షో, ఇంకోదాంట్లో యుద్ధం దృశ్యాలు కనిపించి రెండూ కలిసిపోయాయని కూడా చెప్పింది. మనకి క్రీటు దాకా పోనక్కర్లేదు. బకాసురుడి కథ చిన్నప్పుడే విన్నాం. వంతు ప్రకారం ఇంటికొక మనిషి, బండెడు అన్నం. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి వంతొచ్చింది. ఆ ఇంట్లో తండ్రి నేను పోతానంటాడు, తల్లి నేనంటుంది, కూతురు నేనంటుంది. మాటలింకా సరిగ్గా రాని పసివాడు గడ్డిపోచ పట్టుకుని దీంతో రాక్షసుణ్ని చంపేస్తానంటాడు. ఏడుస్తున్నవాళ్లు ఆ మాటకి నవ్వుతారు. భారతంలో అంత మెత్తటి చోట్లు తక్కువ.

కుంతి భీముణ్ని పంపుతానని మాటిస్తుంది. ధర్మరాజుకి తెలుస్తుంది. అప్పుడు కొడుకు తల్లిని నిలదీస్తాడు, పరాయి బిడ్డ కోసం సొంత బిడ్డని ఎట్లా పంపుతావమ్మా అని. కుంతి జవాబు చెప్తుంది. ఆ జవాబు మనకి నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ అడిగే మనిషి ఒకడు కథలో ఉన్నాడు.

హంగర్ గేమ్స్‌లో ఆ మనిషి లేడు. కాట్నిస్‌ని ఎవరూ నిలదీయరు, ఎందుకంటే నిలదీయాల్సిన పని ఆమె చేత రచయిత్రి చేయించదు. చూడండి. ఆటలోకి వచ్చినవాళ్లలో రూ అని 12 ఏళ్ల పిల్ల ఉంది, ప్రిమ్ ఈడుది. రూ, కాట్నిస్ జత కడతారు, ఒకే చోట పడుకుంటారు, తిండి పంచుకుంటారు. చదువుతున్నంతసేపూ మనకి ముద్ద దిగదు. చివరికి ఈ ఇద్దరే మిగిలితే? ఈ పిల్ల ఆ పిల్లని చంపుతుందా? ఇంత పెద్ద ప్రశ్న లేవనెత్తిన రచయిత్రి, వేరే జిల్లా కుర్రాడి ఈటెతో రూని చంపించేసి ప్రశ్నని కూడా పూడ్చేసింది. థ్రెష్ అని ఇంకో మంచివాడు ఉన్నాడు. రూ ముఖం చూసి కాట్నిస్‌ని ఒకసారి ప్రాణాలతో వదిలేస్తాడు. వాడితో ఎదురుపడే రోజు వస్తుందని ఎదురుచూస్తాం. వానరాత్రి వాడు ఎక్కడో చనిపోతాడు, ఆకాశంలో వాడి బొమ్మ వెలుగుతుంది, అంతే. ఇంకో తెలివైన పిల్ల విషపు పళ్లు తిని పోతుంది. ఆ పళ్లు పీటా తెలియక కోసినవి. ఆఖరి శత్రువు కేటోని జంతువులు పీక్కు తింటుంటే, బాధ తప్పించడానికి కాట్నిస్ బాణం వేస్తుంది. అది కూడా దయే. మిగిలింది పీటా. ఇద్దరూ ఒకే జిల్లా అయితే ఇద్దరూ గెలవచ్చని రూలు మారుస్తారు, మళ్లీ తీసేస్తారు, మళ్లీ ఒప్పుకుంటారు. కాట్నిస్ నడిచే దారిలో రచయిత్రి ముందుగా వెళ్లి ముళ్లన్నీ ఏరేసింది.

ఇరవై నాలుగు మందిలో బతికి బయటికొచ్చిన మనిషి చేతులు ఇంత శుభ్రంగా ఉండవు. క్యాపిటల్ చేసే ఘోరం చంపడం ఒక్కటే కాదు, మంచి పిల్లల చేత చంపించడం. ఆ ఘోరాన్ని పూర్తిగా చూపించడానికి రచయిత్రికి చెయ్యి రాలేదు.

ఇక్కడ ఒక చోటు మీకు దగ్గరగా చూపిస్తాను. రూని ఈటెతో పొడిచిన కుర్రాణ్ని కాట్నిస్ బాణంతో కొడుతుంది. కావాలని ఒక మనిషిని గురి చూసి కొట్టడం ఆమెకి అదే మొదటిసారి. కాసేపయ్యాక అనుకుంటుంది, వీడి కోసం ఇంట్లో ఎవరో ఏడుస్తుంటారు, వాడు తిరిగొస్తాడని నమ్మిన అమ్మాయి ఎవరైనా ఉండి ఉంటుంది, అని. అక్కడ నేను ఊపిరి బిగబట్టాను. ఇప్పుడు తలుపు తెరుస్తుంది అనుకున్నాను. వెంటనే రూ శరీరం గుర్తొస్తుంది, కుర్రాణ్ని మనసులోంచి తరిమేస్తుంది. తలుపు మూసుకుపోయింది. ఆ కుర్రాడికి మొదటి పుస్తకంలో పేరే లేదు. రెండో పుస్తకంలో గానీ మనకి తెలియదు. మొదటి రోజే 11 మంది పిల్లలు పోతారు. మా పిల్లలు 24 మంది పేర్లూ గోడ మీద రాద్దామని కూర్చుంటే పది కూడా నిండలేదు. మిగతావాళ్లు జిల్లా అంకెలు. పేరు తెలుసుకోకపోవడం కాట్నిస్‌కి ఆత్మరక్షణ, అది నేను ఒప్పుకుంటాను. రచయిత్రికి ఆ అవసరం లేదు కదా.

ఈ మాట మా స్నేహితురాలితో అంటే ఆవిడ ఒప్పుకోలేదు. కథానాయిక మనిషిగా మిగలడమే క్యాపిటల్ మీద గెలుపు, పద్నాలుగేళ్ల పిల్లలు చదివే పుస్తకంలో అంతకంటే ఏం చేస్తుంది అంది. నేను దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. పిల్లలు చదువుతారు గనకే గట్టిగా అడుగుతున్నాను. గడ్డిపోచ పట్టుకున్న పసివాడి కథ విని తట్టుకున్న పిల్లలు దీన్నీ తట్టుకుంటారు. మూడో పుస్తకం చదవనివాళ్లు ఇక్కడ ఉన్నారు గనక కథ చెప్పను. ఈ అప్పులో కొంత అక్కడ తీర్చిందని మాత్రం అంటాను.

ఇంకో సంగతి చెప్పకపోతే నేను అన్యాయం చేసినదాన్నవుతాను. చెల్లెలి బదులు కాట్నిస్ వేదిక ఎక్కినప్పుడు జనాన్ని చప్పట్లు కొట్టమంటారు. ఒక్కరూ కొట్టరు. మూడు వేళ్లు పెదాలకి ఆనించి ఆమె వైపు చాస్తారు. చావు దగ్గర, వీడ్కోలు దగ్గర ఆ ఊళ్లో వాడే పాత సైగ అది. 2014లో థాయిలాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు జనం నిజంగా వీధుల్లో నిలబడి ఆ మూడు వేళ్లు ఎత్తారు. 2021లో మయన్మార్‌లోనూ ఎత్తారు. ఒక నవలలోంచి ఒక సైగ లేచి వచ్చి తుపాకుల ముందు నిలబడింది. రాసినావిడ మీద నాకున్న గౌరవం ఇక్కడ చాలా పెరుగుతుంది.

పిల్లలు కొందరు మా ఐఐటీ కోచింగే హంగర్ గేమ్స్ అంటున్నారు. మీ కష్టం నాకు తెలుసు నాన్నా, ఏడున్నర బస్సుకి మీ ముఖాలు చూస్తూనే ఉన్నాను. కానీ ఆ పోలిక వద్దు. అన్నం కోసం పేరు రాసిచ్చిన పిల్లల కథ ఇది. ఆ తేడా పోగొట్టుకుంటే పుస్తకంలో ఉన్న మంచి అంతా పోతుంది.

లిఫ్టులో అడిగిన తల్లి ఇక్కడే ఉంది. అమ్మా, చదవనియ్యండి. ముందు మీరు చదవండి, చీటీల లెక్క ఇద్దరూ కలిసి వెయ్యండి, రూ చనిపోయే చోట వాడి పక్కన ఉండండి.

చివరగా ఒక కాగితం. రూ, కాట్నిస్ ఇద్దరే మిగిలితే ఏమయ్యేదో రాయమని పిల్లల్ని అడిగాను. తెలుగులో రాయమన్నాను. చాలామంది పోలీసుల్నీ హెలికాప్టర్లనీ దింపి ఇద్దర్నీ రక్షించేశారు. పదమూడేళ్ల పాప ఒకతె నాలుగు ముక్కలు రాసింది, చదువుతాను. "ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రూ దగ్గర ఒక రొట్టె ఉంది. సగం తుంచి ఇచ్చింది. కాట్నిస్ తిన్నది. విల్లు ఎక్కడ పెట్టిందో రూ చూస్తూనే ఉంది."

ఆ కింద కాగితం ఖాళీగా ఉంది. తర్వాత ఏం రాయాలో తెలియలేదు అమ్మమ్మా, అంది.